దింపుడు కల్లం దగ్గర ఒక అడుగు

దయ్యాలను నేను నమ్మను. ఇబ్రహీంపట్నంలో నాకు టెంట్‌హౌస్ ఉంది. చావు జరిగిన ఇళ్ల ముందు కుర్చీలు వేసి, పొద్దుపోయాక ఒక్కణ్ణే వెళ్లి ఎత్తుకొస్తాను. ఇన్నేళ్లలో ఏ దయ్యమూ ఒక్క కుర్చీ అందించి సాయం చేయలేదు.

అయినా ఇది రాస్తున్నాను.

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు రష్యా నాటకం గురించి తెలిసిందంటే అది యాదగిరి సార్ వల్లే. వయసులో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ మీద మాస్కో వెళ్లి నాటక దర్శకత్వం చదివొచ్చారు. ఇక్కడ ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. సాయంత్రాలు నా సామాన్ల షెడ్డులో మాకు నాటకం నేర్పేవారు.

పోయిన శతాబ్దంలో అక్కడొక పెద్దాయన, నటుడు పాత్రను లోపల బతకాలన్నాడట. ఆయన దగ్గర నటించిన ఇంకొకాయన, ముందు ఒళ్లు సరిగ్గా కదిలితే మనసు దాని వెంటే వస్తుందన్నాడట. ఈ రెండో ఆయన్ని తర్వాత వాళ్ల ప్రభుత్వమే పట్టుకెళ్లి, కొట్టి, కాల్చి చంపింది. చాలా ఏళ్లు పేరు కూడా ఎత్తనివ్వలేదు. మా సార్‌కు ఈయనంటే ప్రాణం.

ఈ రెండో ఆయన పద్ధతిలో ఒక చిన్న కదలిక ఉంది. ఏ పనికైనా ముందు దానికి ఎదురు కదలాలి. రాయి విసరాలంటే చెయ్యి ముందు వెనక్కి పోవాలి. నడవాలంటే మోకాళ్లు వంచి, ఒక అడుగు వెనక్కి వేసి, అప్పుడు ముందుకు. నలుగురు వేసినా ఒకే ఒంటిలా పడాలి.

నా అడుగు ఎప్పుడూ ఆలస్యమే. పక్కవాళ్లను చూసి వేస్తానని సార్ కనిపెట్టేశారు.

"నవ్విస్తవ్ రా, మస్తు నవ్విస్తవ్. అడుగు మాత్రం దొంగతనం జేస్తవ్."

"అడుగే గద సార్, కుర్చీ కాదు గద!"

అందరూ నవ్వేవారు, సార్ తప్ప. ఆయన నోట ఒక్కసారి "సరిపోయింది" అనిపించుకోవాలని నాకెంత ఆశో ఎవరికీ చెప్పలేదు.

ఆ కాల్చేసిన దర్శకుడి మీదే సార్ నాటకం రాశారు. ఆ వేషం నాకిచ్చారు. నాలాంటి జోకర్‌కు! ప్రదర్శనకు హాలు దొరకలేదు. మిగతావాళ్లు సీరియళ్లలో గుంపులో నిలబడడానికి పోయారు. పోయిన ఎండాకాలం సార్ గుండె ఆగి పోయారు.

సార్‌కు పిల్లల్లేరు. ఆయన అన్న కొడుకు, ప్లాట్లు అమ్మే శ్రీశైలమే అన్నీ చూశాడు. "రష్యా బోయొచ్చి ఒక్క గుంట జాగన్న కొన్నవా కాకా?" అని బతికుండగా ఆయన్ని ఆటపట్టించినవాడు. పాడె మోయడానికి మా నాటకం వాళ్లు ఒక్కరూ రాలేదు. శ్రీశైలం వెంచర్‌లో పనిచేసే ముగ్గురు, నేను. ఆ ముగ్గురూ నా షెడ్డు గడప తొక్కినవాళ్లు కాదు. సార్ మొహం చూడ్డం అదే మొదలు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించాం. ప్రాణం ఏమైనా మిగిలుందేమోనని అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా. శ్రీశైలం ఫోన్‌లో ఉన్నాడు.

"జర నువ్వే పిలువన్నా. జల్ది కానియ్యి, రిజిస్ట్రేషన్ ఉంది."

వంగాను. "సార్, రిహార్సల్ టైమైంది," అన్నాను, మూడుసార్లు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వించాలని అన్న మాట కాదది.

పాడె మళ్లీ భుజాలకెత్తుకున్నాం. ముందుకు నడవాలి. నలుగురి మోకాళ్లూ వంగాయి, అడుగు వెనక్కి పడింది, ఆ తర్వాతే ముందుకు కదిలాం. వెనకున్న శ్రీశైలం ఛాతీకి వెదురు తగిలి ఫోన్ కిందపడింది.

"తాగొచ్చిండ్రా బే? ముంగటికి పోవాలె గాని ఎనకకేంది?"

ముగ్గురూ తెల్లమొహాలు వేశారు. "మేమేడ ఎనకకొచ్చినం సేఠ్?" అన్నాడు ఒకడు.

నేనే అలవాటు కొద్దీ వేశానేమో, పాడె గుంజితే వాళ్లూ వచ్చారేమో అని చాలారోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత సార్ పక్కింటామె ఆ రోజు ఫోన్‌లో వీడియో తీసిందని తెలిసి, అడిగి తెప్పించుకున్నాను. నెమ్మదిగా నడిపి చూశాను.

ఆ ముగ్గురి అడుగులూ ఒకే ఒంటిలా పడ్డాయి. నాదే ఆలస్యంగా, వాళ్లను చూసి వేసినట్టు పడింది.

వాళ్లకు ఆ అడుగు ఎవరు నేర్పారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. నాకైతే సార్ ఏళ్ల తరబడి నేర్పారు.