దీపం వేళ పాపను పడుకోమన్న గొంతు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. బీయస్సీ చదివాను. పెళ్లయి తమిళనాడులోని మహేంద్రమంగళం వచ్చేదాకా కుప్పంలో పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. ఎవరైనా గాలి సోకిందంటే నాకు నవ్వు ఆగదు. అయితే దీపం పెట్టే వేళ ఇంట్లో ఎవరైనా పడుకుంటే మాత్రం ఒప్పుకోను. అది మా అత్త నేర్పిన పట్టు. లక్ష్మి వచ్చే వేళ ఒళ్లు వాల్చకూడదని ఆమె జ్వరంతో ఉన్నవాళ్లను కూడా లేపి కూర్చోబెట్టేది.

మా పాప కీర్తనకు పుట్టుకతోనే కాలేయం జబ్బు. రెండో నెలలో ఒక ఆపరేషన్ చేశారు. మూడో నెలలో అత్త పోయింది. పాపకు ఆమె పటం తప్ప మనిషి తెలియదు.

ఆరో ఏట పాప ఆటలు మానేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెదవులు నీలంగా మారేవి, వేళ్ల చివర్లు ఉబ్బి గుండ్రంగా అయ్యాయి. ధర్మపురిలో పరీక్ష చేయిస్తే గుండె బాగుందన్నారు. బడి నుంచి రాగానే చాప మీద వాలిపోయేది. నేను దీపం వెలిగించి, రెక్క పట్టి లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టేదాన్ని. కాసేపటికి పెదవులు ఇంకా నల్లబడేవి. సందెవేళ దిష్టి అని పక్కింటామె ఎండుమిరపకాయలు తిప్పితే ఆమెను చూసి నవ్వాను. తప్పు చేస్తున్నది నేనేనని అప్పుడు తెలియదు.

ఆ రోజు మా ఆయన టమోటా లోడుతో పాలక్కోడు వెళ్లాడు. టీవీ ఆపి ఉంది. పాపను కూర్చోబెట్టి వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"పిల్లను పండుకోనీ మే. కూచుంటే దానికి ఊపిరి చాలడంలేదు."

ఎప్పటి మాదిరే, కసురుకుంటున్నట్టు. గిన్నె జారి బియ్యం నేలపాలయింది. హాల్లోకి పరిగెత్తాను. పాప అప్పటికే పడుకుని ఉంది. తిడతానని భయపడి, "అవ్వ పండుకోమనింది మా" అంది. ఏ అవ్వ అంటే గోడ మీది పటం చూపించింది.

ఏం చేయాలో తోచక కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు తీసి పాప వేలికి పెట్టాను. పడుకుంటే తొంభై ఒకటి. కూర్చోబెడితే డెబ్బై తొమ్మిది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. రోజూ దాని ఊపిరి తీస్తున్నది నా చేతులే. పాపను పట్టుకుని ఏడ్చేశాను.

మరునాడు ధర్మపురి డాక్టరుకు గొంతు సంగతి చెప్పలేదు, అంకెలు చెప్పాను. ఆయన తానే పాపను పడుకోబెట్టి, కూర్చోబెట్టి చూశాడు. కాలేయం జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు వెడల్పయి, రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే దాటిపోతుందట. కూర్చుంటే అది ఇంకా ఎక్కువవుతుందట. కాలేయం మార్చడమే దారి, ఆలస్యం చేయకండి అన్నాడు.

చెన్నైలో నా కాలేయంలో ఒక ముక్క తీసి పాపకు పెట్టారు. ఆక్సిజన్ వెంటనే పెరగలేదు. నెమ్మదిగా వస్తుందని డాక్టర్లు చెబుతున్నా నా ప్రాణం కుదుటపడలేదు. ఇంటికొచ్చాక కూడా ఆక్సిజన్ మిషను పెట్టుకున్నాం. అయిదో నెలలో ఒక ఉదయం, పాప మిషను లేకుండా కూర్చుని ఇడ్లీ తింటుంటే చూశాను. తొంభై ఏడు.

చెన్నై డాక్టరమ్మకు మాత్రం అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. రోజూ కళ్లారా చూస్తున్నదాన్నే నా మనసు అత్త గొంతుతో చెప్పి ఉంటుందని అంది. నాకూ అదే నిజమనిపించింది. మరి పాపకు ఎవరు చెప్పారు?

మొన్న పాపనే అడిగాను, ఆ రోజు అవ్వ ఇంకేమైనా చెప్పిందా అని.

"పో మా, ఆటకు పిల్లోళ్లు నాకోసరం నిల్చుకోనుండారు" అని చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. వీధి చివరి దాకా ఎక్కడా ఆగలేదు.