పందెం వేళ పరామర్శ

జూదశాలను మోసగిస్తే ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదని రీనో పట్టణంలో చాలామంది అంటారు. జూదశాలకు ముఖం లేదు, ఆకలి లేదు, పోగొట్టుకున్నదాన్ని తలచుకుని కుమిలే మనసు లేదు; గోడలకూ దీపాలకూ ద్రోహం ఎలా జరుగుతుందని వాళ్ళ వాదన. బ్లాక్‌జాక్‌లో ముక్కల లెక్క పెట్టేవాళ్ళ విషయంలో ఈ మాటకు బలం మరీ ఎక్కువ. వాళ్ళు ముక్క మార్చరు, గుర్తు పెట్టరు. బల్ల మీద అందరికీ కనబడుతున్నదాన్నే గుర్తుంచుకుంటారు. చిన్న ముక్కలు చాలావరకు బయటపడిపోతే మిగిలిన కట్టలో ఆసులూ రాజులూ ఎక్కువవుతాయి. ఆట ఆడేవాడి వైపు మొగ్గిన ఆ కాసేపే వాళ్ళు పందెం పెంచుతారు. నెవాడా చట్టం దీన్ని నేరమనదు. ఇకమీదట మా దగ్గర ఆడవద్దని చెప్పే హక్కును మాత్రం యజమానికి ఇస్తుంది. అక్కడి ఒక జూదశాలలో పద్దెనిమిదేళ్ళు ముక్కలు పంచినదాన్ని కనుక నేనూ ఆ వాదనను చాలాకాలం నమ్మాను. దాన్ని ఇప్పుడు కొట్టిపారేయను. కాని బెర్నార్డ్ ఇరిబార్న్ విషయంలో అది సరిపోలేదు.

బెర్నార్డ్ పగటి పూట మా టేబుళ్ళకు సూపర్‌వైజరు; ఎవరి పందెం ఎప్పుడు పెరుగుతోందో కనిపెట్టడం ఆయన పని. తండ్రి ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులోని పిరనీస్ కొండల నుంచి గొర్రెలు కాయడానికి నెవాడా వచ్చిన బాస్క్ జాతి మనిషి. వసంతంలో మందను ఇరుకు గుమ్మం గుండా పంపుతూ ఆయన తలలు లెక్కపెట్టేవాడట. ఆ వేళ ఎవరు పలకరించినా పలికేవాడు కాదట.

"కొట్టం అంటుకుందని అమ్మ అరిచినా మా నాన్న తల తిప్పలేదు. ఆఖరి గొర్రె దాటాక, బకెట్టు ఏదే అని అడిగాడు," అని బెర్నార్డ్ చెప్పి నవ్వేవాడు.

ఆ గుమ్మం దగ్గర ఆయన ఒక సిద్ధాంతం నేర్చుకున్నాడు: లెక్కపెట్టేవాడు మాట్లాడలేడు. దాన్నే పరీక్షగా వాడేవాడు. అనుమానం వచ్చిన ఆటగాడి పక్కన నిలబడి, "మీ ఊళ్ళోనూ గాలి ఇంతేనా అండీ?" అని అడిగేవాడు. ఆ మనిషి కళ్ళు ఒక్క క్షణం ఖాళీ అయ్యేవి, పందెం వెనక్కి తగ్గేది. "పాపం, గొర్రె జారిపోయింది," అని నా చెవిలో అనేవాడు. అలా పదిహేడుమందిని పట్టుకున్నాడు. సిద్ధాంతం పదిహేడుసార్లు నిజమైతే దాన్ని పద్దెనిమిదోసారి ఎవరూ పరీక్షించరు.

వెర్నా టాలివర్ మా దగ్గరికి వచ్చింది ఎనభై నాలుగులో. అరవై దాటిన మనిషి. వారంలో నాలుగు రోజులు, ఉదయం పది గంటలకు, వెడల్పు అంచున్న ఊదా రంగు టోపీతో వచ్చి నా టేబుల్ దగ్గర మూడో కుర్చీలో కూర్చునేది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఆగకుండా మాట్లాడేది. అయిదు డాలర్లు పెట్టి ఓడినా నవ్వేది, "ఈ ముక్కలు మా ఆయన లాంటివి నాయనా, పిలిచినప్పుడు రావు." పంచేవాళ్ళకు టిప్పు కూడా ఇచ్చేది, లెక్కపెట్టేవాళ్ళు ఆ పని సాధారణంగా చెయ్యరు. ఇంతగా మాట్లాడే మనిషిని అనుమానించాలని బెర్నార్డ్‌కు తోచలేదు.

ఆ ఏడు చలికాలంలోనే ఆయన భార్య గ్రాసియెన్‌కు ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. మా వృత్తిలో ఒకరి ఇంటి సంగతి మరొకరు అడగరు. వెర్నా అడిగింది.

"గ్రాసియెన్ రాత్రి పడుకుందా, బెర్నీ?"

ఆయన కళ్ళజోడు తీసి టై చివరతో తుడుచుకుంటూ జవాబు చెప్పేవాడు. ఏ మందు మార్చారో, ఏ డాక్టరు ఏమన్నాడో ఆమెకు గుర్తుండేది. తరువాత ఇంటికి కూడా వెళ్ళింది. ఉల్లిపాయల సూపు కాచిపెట్టింది, గ్రాసియెన్ తల దువ్వింది. అయిదేళ్ళకు గ్రాసియెన్ పోయినప్పుడు చర్చిలో ఆఖరి వరసలో నిలబడింది. ఆ సంవత్సరాలలో తనను నిలబెట్టింది ఆమె పలకరింపేనని బెర్నార్డ్ నాతో రెండుసార్లు అన్నాడు. పొగడ్తలో చాలా పొదుపరి ఆయన.

మరుసటి వసంతంలో కెమెరా గదికి లెస్టర్ పైక్ అనే కొత్త అధికారి వచ్చాడు. నా టేబుల్‌ను ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు రికార్డు చేయించి, మా ఇద్దరినీ పిలిచాడు. టేపులో శబ్దం లేదు. ముక్కలు ఒక్కొక్కటే బయటపడుతుంటే పైక్ పైకి లెక్కపెట్టాడు.

"ఇప్పుడు కట్ట బాగుంది. చూడండి, ఆవిడ అయిదు తీసి నలభై పెడుతుంది." పెట్టింది. "ఇప్పుడు చెడింది. మళ్ళీ అయిదు." అయిదే పెట్టింది.

పైక్ ఆమె చేతిని చూస్తున్నాడు. బెర్నార్డ్ తనను చూసుకుంటున్నాడు. ఆమె పెదవులు కదులుతాయి. ఆయన కళ్ళజోడు తీసి తల వంచుతాడు. ఆ తల వంగి ఉన్నంతసేపట్లో చిప్స్, అంటే పందెపు బిళ్ళలు, ముందుకు జరుగుతాయి. మరో టేపులోనూ అంతే. టేపులు పదకొండు. ఒక్కచోట కూడా తప్పలేదు. మొదటి టేపులో ఆమె అడిగింది నాకు గుర్తుంది: సమాధి మీద రాయి పెట్టించావా అని.

"ఏమడుగుతుంది నిన్ను?" అన్నాడు పైక్.

"మా ఆవిడ గురించి."

పైక్ టేపు ఆపాడు. తరువాత పనిలోకి దిగాడు. పైనుంచి తీసిన బొమ్మలో టోపీయే తప్ప ముఖం లేదు. ముఖం ఉంటే ఊళ్ళోని జూదశాలలన్నిటికీ పంపవచ్చు. అప్పుడిక ఆమెకు ఎక్కడా ఆడే వీలుండదు.

"మీ ఇంటికొచ్చేదట కదా. ఒక్క ఫొటో అయినా ఉండి ఉండాలే."

"ఒకటుంది." గ్రాసియెన్ చివరి పుట్టినరోజున, బాస్క్ హోటల్లో పొడవాటి బల్ల దగ్గర, గొర్రె మాంసం పళ్ళేల వెనక ఇద్దరూ కూర్చున్న ఫొటో.

"సోమవారంలోగా తీసుకురా. ఒకటి చెప్తున్నా బెర్నార్డ్, ఆరేళ్ళు నీ కళ్ళ ముందే జరిగింది. నువ్వు తేకపోతే, నీకూ ఇందులో వాటా ఉందనుకునేది నేనొక్కణ్ణే కాదు."

మరునాడు పది గంటలకు ఆమె వచ్చింది. "ఏం బెర్నీ, కళ్ళు అలా ఉన్నాయేం? నిద్ర లేదా?" అంది, కుర్చీ లాక్కుంటూ. ఆమెను ఆపే పని బెర్నార్డ్ తానే అడిగి తీసుకున్నాడు.

"వెర్నా గారూ, మా దగ్గర ఇంకే ఆటైనా ఆడుకోండి. బ్లాక్‌జాక్ మాత్రం ఇక వద్దు."

"ముసలిదాని అయిదు డాలర్లకే మీ కప్పు కూలుతోందా?"

"టేపు చూశాను. గ్రాసియెన్ సంగతి ఎప్పుడెప్పుడు అడిగారో చూశాను."

ఆమె చేతిలోని చిప్స్ కింద పెట్టింది. "ఉత్తుత్తినే అడిగింది కాదు అది. తెలుసుకోవాలనే ఉండేది నాకు."

"కట్ట బాగా లేనప్పుడు ఒక్కసారైనా అడిగారా?"

ముప్పై ఏళ్ళు ఊరందరి నంబర్లనూ తలలో మోసిన మనిషి ఆమె. నిజంగానే వెతుక్కుంది.

"లేదు," అంది చివరికి. "మాటిమాటికీ అడిగితే నీకు విసుగొస్తుందని ఆ వేళకే దాచుకునేదాన్ని."

అంతకంటే క్రూరమైన మాట నేను ఆ టేబుల్ దగ్గర వినలేదు. ఆమె దాన్ని క్రూరంగా అనలేదు. వంటింట్లో పంచదార పొదుపు చేసినట్టుగా చెప్పింది.

"మీ ఇంటికొచ్చి సూపు కాచానే, అక్కడ ఏ కట్ట ఉంది బెర్నీ?"

"అదే నాకు తెలియడం లేదు. ఏది దేనికోసమో ఇప్పుడు నేనెలా విడదీసుకోను?"

ఆమె లేచి టోపీ సరిచేసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "ఆ పుట్టినరోజు ఫొటో... నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

అప్పటివరకు ఆయన ముఖంలో ఏదో ఒక సందేహం మిగిలి ఉండేది. ఆమె భయం తన ముఖం బయటపడుతుందనేనని తెలిసి, ఆ ప్రశ్నతో అదీ పోయింది. ఆమె తలుపు వైపు నడిచింది. ఆయన నన్ను కట్ట కలపమన్నాడు.

మొదట చెప్పిన వాదన ఇక్కడే తడబడుతుందని నా ఆలోచన. గోడకు కళ్ళు లేవు కనుక దాని నుంచి దాక్కోనక్కరలేదు. దాక్కోవలసింది చూసేవాడి నుంచి, చూసేవాడు మనిషే. ఆ మనిషి చూపు మళ్ళించడానికి అతనిలో ఉన్నదేదో వాడుకోక తప్పదు. వెర్నా వాడుకున్నది దుఃఖం. ఆమె నటించిందని నేను అనను; నటించి ఉంటే బెర్నార్డ్ బహుశా తొందరగా కోలుకునేవాడు.

సోమవారం ఆయన పైక్ గదికి నివేదికతో వెళ్ళాడు. అందులో నేనూ సాక్షి సంతకం పెట్టాలి కనుక వెంట వెళ్ళాను. నాలుగు పేజీలు. ఆమె పేరు, ఎత్తు, నడక, వచ్చే వేళ, పందెం తీరు అన్నీ ఉన్నాయి. ఏ పద్ధతిలో తప్పించుకునేదో రాయవలసిన చోట, "సూపర్‌వైజరు భార్య ఆరోగ్యం గురించి అడిగి" అని ఆయన చేతిరాతతోనే ఉంది.

"ఫొటో?" అన్నాడు పైక్.

"ఇవ్వను."

"అంటే ఆవిడ పక్షమా?"

"కాదు."

"మరి?"

"ఆ బల్ల మా ఇంటిది, మీది కాదు. దాన్ని ఆవిడ ఇక్కడికి లాక్కొచ్చింది. నేను తేను."

వాటా ఉందన్న ఆరోపణ రుజువు కాలేదు, కొట్టివేయనూ లేదు. సూపర్‌వైజరు పని తీసేసి ఆయనను మళ్ళీ ముక్కలు పంచే టేబుల్ దగ్గర నిలబెట్టారు, జీతం సగమైంది. ఫొటో ఇవ్వకపోవడాన్ని కొందరు క్షమ అన్నారు. నేను అలా అనుకోను. వెర్నా ఊరికి అవతలి వైపు జూదశాలల్లో ఇంకా ఆడుతోందని బెర్నార్డ్ విన్నాడు, ఎవరికీ చెప్పలేదు. ఆమె రెండు ఉత్తరాలు రాసింది. చదివాడు, జవాబు రాయలేదు. ఏడేళ్ళు ముక్కలు పంచి ఉద్యోగ విరమణ చేశాడు. ఆ ఏడేళ్ళలో ఎవరైనా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగితే, బాగున్నారని మాత్రం చెప్పేవాడు.