కొండల్ గాలి రాని ఏడు

ఇంట్లో మిగిలిన విత్తనపు వడ్లన్నీ మా చిన్నాయన పొడి దుక్కిలో చల్లేసిన రోజు, గాలి పడమటి కొండల వైపునుంచి వీస్తూ ఉండింది. ఈ ఉదయం మిద్దెమీద ఆరేసిన పంచె సముద్రం వైపు ఎగురుతుంటే, అక్టోబరు సగమై అరవవాళ్ళ ఐప్పసి నెల వచ్చినా గాలి తిరగలేదే అనుకున్నాను, ఆ రోజు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చిందన్నమాటే గాని, దుఃఖమేమీ కలగలేదు.

అవి పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరలున్న రోజులు. మేము ఒర్లియంపేటలో ఉండేవాళ్ళం, చిన్నాయన దగ్గరి పల్లె ఏంబలంలో సేద్యం చేసేవాడు. మన తరంవారికి చెప్పనక్కర్లేదు, ఈ నేలకు పంటనిచ్చేవి ఐప్పసి వానలే. అంతకు ముందు ఏడూ పండక విత్తనాల కుండ ఒక్కటే మిగిలింది. చల్లాక వాన పడకపోతే మరుసటి ఏడుకు గింజ లేదు. అందుకని సముద్రపుటొడ్డున వల అల్లుకుంటున్న ఒక ముసలి జాలరిని అడిగితే, కొండల్ వీచిందంటే వాన వచ్చినట్టేనని అతను అరవంలో చెప్పాడట.

"యాడనో సముద్రంలో తిరిగేవాడికి మన కొండల గాలి ఎట్లా తెలిసెనో!" అని ఇంటికొచ్చి చిన్నాయన నవ్వాడు. వారం తిరక్కుండానే పడమటి గాలి లేచింది. చల్లేశాడు. తరువాత ఎండ కాసింది, గింజలు చీమల పాలయ్యాయి.

"ఏందిరా నీ అరవం! కొండల్ అంటే తూరుపు గాలిరా, సముద్రం మీంచి వచ్చేది. దానికీ కొండలకీ ఏం సంబంధం?" అంది అవ్వ.

"ముందే చెప్పకూడదా అమ్మా?"

"నువ్వు అడిగితే గదా."

ఆ తరువాత చిన్నాయన ఊళ్ళో మిల్లులో కూలికి చేరాడు, కూత వినపడగానే లేచి వెళ్ళేవాడు, మళ్ళీ ఏంబలం వెళ్ళలేదు.

పత్రికలో చేరాక ఏళ్ళ తరబడి వాతావరణం వార్తలు దిద్దాను. ఎక్కడో పసిఫిక్ సముద్రం కొన్నేళ్ళు వేడెక్కుతుందని, కొన్నేళ్ళు చల్లబడుతుందని, చల్లబడిన ఏళ్ళలో మన ఐప్పసి వానలు తరచు తగ్గుతాయని, అదీ ప్రతిసారీ కాదని తెలిసింది. ఇప్పుడు ఊరంతా ఆ దూరపు సముద్రం గురించి మాట్లాడుతుంది, ఒడ్డున వీచే గాలికి పేరు పెట్టి పిలిచేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు.

కొండల్ అనే మాట సరిగా తెలిసిన, ఏంబలంలో మా పక్క చేని రైతు ఆ ఏడు విత్తనం దాచుకుని తూరుపు గాలి కోసం చూశాడు. మార్గళి నెల గడిచి సంక్రాంతి వచ్చినా అది రాలేదు. ఎందుకు రాలేదని పత్రికలో ఉండగా వాతావరణం తెలిసినవారిని అడిగాను. ఆ ఒక్క ఏడు సంగతి ఖాయంగా చెప్పలేమన్నారు.