కమ్మీ పట్టుకున్న కుడి చెయ్యి

రెండేళ్ల కిందటి జూన్ నెల, బడులు తెరిచిన మొదటి సోమవారం. చిత్తూరులో మా అక్కను చూసి తిరుపతికి బస్సులో తిరిగి వస్తున్నాను. సీటు దొరకలేదు. నిలబడి ప్రయాణం చేయడం నాకు కొత్త కాదు. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను, అందులో సగం బస్సులో నిలబడే గడిచింది. బస్సు కదలగానే పైన కమ్మీ పట్టుకుందామని కుడిచెయ్యి ఎత్తాను. అది భుజం ఎత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. లోపల ఎవరో గడియ పెట్టినట్టు అనిపించింది. ఇంకొంచెం బలవంతం చేస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎడమ చేత్తో పట్టుకున్నాను. పక్కన నిలబడిన ఆవిడ, "ఏమక్కా, చెయ్యి పట్టేసిందా?" అని అడిగింది.

"రాత్రి ఒక పక్కకే పడుకున్నా. దానికే పట్టినట్టుండాది," అన్నాను. ఆ మాట ఆమెతో పాటు నేనూ నమ్మాను.

తరవాత రెండు నెలలూ ఎడమ చేత్తో సర్దుకున్నాను. పై అరలోని డబ్బాలు కిందికి దించి పెట్టుకున్నాను. కొప్పు వేయలేక జుట్టుకు రబ్బరు బ్యాండు తగిలించాను. ఆగస్టులో ఒకరోజు జాకెట్టు కుడిచేతికి ఎక్కించుకున్నాక రెండో చెయ్యి దూర్చలేక, విప్పలేక మంచం మీద కూర్చుండిపోయాను. కోడలు హరితను పిలవక తప్పలేదు. ఆమె వచ్చి జాకెట్టు సరిచేసి, నా ఎదురుగా నిలబడింది.

"అత్తా, రెండు చేతులూ పైకెత్తండి."

ఎత్తాను. ఎడమ చెయ్యి చెవికి ఆనింది. కుడిచెయ్యి ఎదురుగా ఎవరికో ఏదో అందిస్తున్నట్టు నిలిచింది.

"ఎన్నాళ్ల నుంచి?"

చెప్పాను. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందన్నారు. నా చెయ్యి తానే పట్టుకుని పక్కకు, వెనక్కు తిప్పి చూశారు. ఆయన తిప్పినా తిరగలేదు. "అడ్హెసివ్ క్యాప్సులైటిస్. ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోయిందమ్మా. షుగర్ ఉన్నోళ్లకి ఎక్కువగా వస్తుంది," అన్నారు. నాకు షుగర్ పదకొండేళ్లుగా ఉంది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే, ఏడు దగ్గర ఉండాల్సింది 8.9 వచ్చింది. డెక్సా స్కాన్‌లో ఎముకల సాంద్రత తక్కువని తేలింది.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది కాని షుగర్ మూడు వందలు దాటింది. ఆ సంగతి ముందే చెప్పి, రోజూ చూసుకోమన్నారు కనుక భయపడలేదు. మాత్రలు మార్చారు, పదిరోజుల్లో దిగింది. తరవాత ఫిజియోథెరపీ. చెయ్యి వేలాడదీసి లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, తలుపుకు కప్పీ కట్టి తాడుతో లాగడం. ఫిజియో అమ్మాయి గోనియోమీటరుతో కోణం కొలిచేది. అది కోణమానినికి రెండు కర్రలు తగిలించినట్టు ఉంటుంది. మొదటి రోజు 75 డిగ్రీలు. ఆమె కొలిచాక నేను అద్దంలో చూసుకుని, సరిగ్గానే కొలిచావని చెప్పేదాన్ని. "మేడమ్, మార్కులు కూడా ఏసేయండి," అనేది.

డిసెంబరుకు 110 వచ్చింది. అక్కడ ఆగింది. జనవరి, ఫిబ్రవరి, అదే 110. కొప్పు వేయడానికి అది చాలదు.

మార్చిలో డాక్టరు ఇంకో దారి చెప్పారు. "మత్తు ఇచ్చి, మేమే చెయ్యి తిప్పి అతుకులు విడగొడతాం. కాని మీ ఎముక బలహీనంగా ఉండాది. తిప్పేటప్పుడు విరిగే అవకాశం కొంచెం ఉంటుంది. మూడు నెలలు చూద్దాం. రాకపోతే అప్పుడు నిర్ణయిద్దాం."

ఇంటికి వస్తూ ఆటోలో అదే లెక్క వేసుకున్నాను. విరిగితే ఇక ఈ చెయ్యి జాకెట్టు వేసుకోవడానికి కూడా కోడలి చేతుల్లోనే ఉంటుంది. హరిత మంచిదే. అయినా బతికినన్నాళ్లూ ఒకరు నాకు బట్టలు తొడగడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ మా మేడ గది గురించి చెప్పాలి. హరిత పెళ్లికి ముందు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పోల్ డాన్స్ నేర్చుకుంది. నిలువుగా బిగించిన స్టీలు స్తంభం పట్టుకుని ఎక్కడం, తిరగడం, తలకిందులుగా నిలవడం. తిరుపతికి వచ్చాక మేడ గదిలో ఒక పోల్ పెట్టి, తెలిసిన ఆడవాళ్లకు నేర్పుతానని అడిగింది. ఏర్పేడు దగ్గర ఉద్యోగం చేసే మా అబ్బాయి నా వైపు చూశాడు, ఇల్లు నా పేర ఉంది కాబట్టి. నేను అడిగినవి రెండే ప్రశ్నలు. పైకప్పు బరువు మోస్తుందా? పొట్టి నిక్కర్లు ఎందుకు? మేస్త్రీని పిలిపించి బీము ఎక్కడుందో చూపించి, దాని కిందే పోల్ బిగించింది. నిక్కర్ల సంగతికి, "బట్ట జారుతుంది అత్తా, చర్మమే పట్టు," అంది. కారణం చెబితే నాకు అభ్యంతరం ఉండదు. వీధిలో ఒకరు, "మీ కోడలు రాడ్డు పట్టుకోని ఎగురుతాదంట గదా," అని అడిగితే, "అవును. నువ్వు ఎక్కగలవా?" అన్నాను. మళ్లీ అడగలేదు.

వారానికి మూడు రోజులు పొద్దున అయిదారుగురు వచ్చేవారు. వాళ్లలో ఆస్పత్రి నర్సు జ్యోతి, వీధి చివర జాకెట్లు కుట్టే మునెమ్మ నాకు బాగా తెలుసు. వాళ్ల పిక్కల మీద, తొడల మీద కమిలిన మచ్చలుండేవి. చర్మం పోల్‌కు నొక్కుకుని వచ్చిన మచ్చలవి. ఒకరికొకరు చూపించుకుని, ఏ పట్టులో వచ్చిందో చెప్పుకునేవారు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద చేతులు చాపి కాచుకునేవారు. అన్నిటికంటే నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. ఎవరి వంతు అయ్యాక వాళ్లు స్పిరిట్ గుడ్డతో పోల్ తుడిచి దిగాలి. తన చెమట తుడిచేది తనకోసం కాదు, తరవాత ఎక్కేవాళ్ల కోసం.

ఆ మార్చిలోనే హరిత డాక్టరుకు పోల్ ఫొటోలు చూపించి, అత్తయ్య దీన్ని పట్టుకుని చెయ్యి సాగదీయవచ్చా అని అడిగింది. ఆయన ఫొటో చూశారు, నన్ను చూశారు. "కాళ్లు నేల మీదనే ఉండాల. కుదుపు వద్దు. మరుసటి పొద్దుటికీ నొప్పి ఉందంటే ఎక్కువ చేసినారని అర్థం," అన్నారు.

అలా అరవై ఏడో ఏట క్లాసులో చేరాను. పోల్ తిరగకుండా, స్టాటిక్‌లో పెట్టేది హరిత. కింద మందపాటి మెత్త. రెండు చేతులతో పోల్ పట్టుకుని, మోకాళ్లు మెల్లగా వంచుతూ కూర్చోబోవాలి. ఒళ్లు కిందికి దిగుతుంటే చేతులు వాటంతటవే పైకి పోతాయి. గోడ మీద వేళ్లు పాకించేటప్పుడు భుజాన్ని నేను నెట్టేదాన్ని. ఇక్కడ నా బరువే దాన్ని మెల్లగా అడిగేది. ఏప్రిల్ చివరికి 128.

మే నెలలో అక్క రాజేశ్వరి చిత్తూరు నుంచి వచ్చింది. చెయ్యి చూసి, "నీ ఫిజియోలూ గిజియోలూ ఉండనీ. నూనె పెట్టి ఎన్నాళ్లయిందే?" అంది. శుక్రవారం పొద్దున్నే నువ్వుల నూనెలో వెల్లుల్లి, కర్పూరం వేసి కాచి తలంటు పోసింది. సీకాయతో రుద్ది ఆ నూనె పోగొట్టింది. నీళ్లు పోసుకున్నాక ఆమె మిగిలిన గోరువెచ్చని నూనె భుజం నుంచి వేలి కొసల దాకా మళ్లీ రాసింది. హాయిగా ఉంది. చెయ్యి ఆ రోజు బాగా లేస్తుందన్న ఉత్సాహంతో, అరచేతుల నూనె సంగతి మరిచిపోయి, నేరుగా మేడెక్కాను.

పోల్ పట్టుకుని వెనక్కు వాలాను. కుడిచెయ్యి పట్టు వదల్లేదు, కాని అరచెయ్యే జర్రున కిందికి జారింది. మెత్త మీద కూలబడ్డాను. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆన్చాను. భుజంలో నిప్పు పెట్టినట్టయింది.

జ్యోతి పరుగున వచ్చి నా చెయ్యి కదలకుండా పట్టుకుంది. హరిత నా అరచెయ్యి వాసన చూసింది.

"పోల్ ఎవురూ ముట్టుకోవద్దండి," అంది మిగతావాళ్లతో. తరవాత నాతో, గొంతు పెంచకుండా, "అత్తా, మీ తరవాత జ్యోతి ఎక్కాల్సింది. ఆమె పైకప్పు దగ్గర తలకిందులుగా ఉన్నప్పుడు జారింటే?"

ఆమె అడిగిన తీరు సరైనది. నేనైనా తరగతిలో అలాగే అడిగేదాన్ని.

ఎక్స్‌రేలో విరగలేదు. కాని వాపు తగ్గాక కొలిస్తే 104. రెండు నెలల పని ఒక్క పూటలో పోయింది. మూడు నెలల గడువు దగ్గరికి వచ్చింది. అక్క నా మంచం పక్కన కూర్చుని, "నూనె తగలకూడదని ముందే చెప్పకూడదా? ఆ ఇనుప కడ్డీకి కూడా మడి ఉంటాదని నాకేం తెలుసు," అంది.

"మడే అనుకో. నూనె అంటితే మైల," అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వితే భుజం నొచ్చింది.

డాక్టరు గడువు ఇంకో మూడు నెలలు పొడిగించారు. "ఈసారి కూడా ఆగిపోతే మత్తు ఇవ్వాల్సిందే," అన్నారు. పదిహేను రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ మేడెక్కాను. ఈసారి ఒక బాధ్యత అడిగి తీసుకున్నాను. క్లాసు మొదలయ్యే ముందు అందరూ వరుసగా నిలబడి అరచేతులు చూపించాలి. లోషన్ రాసుకున్నవాళ్లు, పొద్దున దోసెలు పోసి వచ్చినవాళ్లు సబ్బుతో కడిగి రావాలి. ముందు నా చేతులు నేనే హరితకు చూపించేదాన్ని.

"టీచరమ్మా, గోర్లు కూడా సూస్తారా?" అని మునెమ్మ వెక్కిరించేది.

"చూస్తాను. చాపు."

జూన్‌లో 120, జులైలో 135. ఒక్కోరోజు ఏమీ కదలదు, ఆ రోజు ఊరికే కూర్చుని మిగతావాళ్లకు కాపు కాసేదాన్ని. జ్యోతి పైనుంచి జారకుండా మెల్లగా దిగివస్తే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాలనుకునేదాన్ని. చప్పట్లకు చేతులు పైకెత్తనక్కర లేదు కాబట్టి కొట్టేదాన్ని కూడా.

సెప్టెంబరులో డాక్టరు నా చెయ్యి పట్టుకోబోయారు. "మీరు పట్టుకోవద్దు, నేను ఎత్తుతాను," అన్నాను. ఎత్తాను. 158 అని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఆయన కేసు షీటు మూసి, "మత్తు మాట మరిచిపోండి. అందరికీ ఈ పోల్ చెప్పలేను గాని, మీరు ఆపొద్దు," అన్నారు. హెచ్‌బీఏ1సీ 7.1. ఆ రోజు సాయంత్రం నా జుట్టు నేనే ముడి వేసుకున్నాను. వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ వేసుకున్నాను.

ఎముకల బలానికి మందు వాడుతున్నాను కనుక ఆ తరవాత ఏం చేయాలన్నా డాక్టరును అడిగే చేశాను. కాళ్లు నేల విడవడానికి డాక్టరు ఒప్పుకున్నది జనవరిలో, అదీ జానెడు ఎత్తుకు, ఇద్దరి కాపుతో. మునెమ్మ నా పాత నేత చీరతో, మోకాళ్లు బయటికి ఉండేలా ఒక నిక్కరు కుట్టింది. ఫిబ్రవరిలో క్లాసువాళ్లు మేడ గదిలో తమలో తాము చిన్న ప్రదర్శన పెట్టుకున్నారు. ఇంటి ఆడవాళ్లు మాత్రమే వచ్చారు. నా వంతు చివరిది. నేను చేయాల్సింది ఫైర్‌మ్యాన్ స్పిన్, అంటే పోల్ పక్కన నాలుగడుగులు నడిచి, రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ల మధ్య పోల్ బిగించి చుట్టూ తిరిగి దిగడం. కొత్తగా చేరినవాళ్లకు అది మొదటి పాఠం.

"పడతావే, వద్దు, దిగు," అంటూనే ఉంది అక్క.

కాళ్లు లేచాయి. ఒక పూర్తి చుట్టు తిరిగి, నిలబడి దిగాను. కుడిచెయ్యి పైనే ఉంది. గదిలో చప్పట్లు మోగాయి. అక్క మాత్రం కళ్ల మీద నుంచి చేతులు తీసి, "ఇంకోసారి తిరగవే. నేను కండ్లు మూసుకున్న్యా," అంది.

మళ్లీ తిరిగాను. దిగి, గుడ్డ తీసుకుని పోల్ తుడిచాను.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. చెయ్యి 165 దగ్గర ఉంది. మిగిలిన పదిహేను డిగ్రీలు రాకపోవచ్చని చెప్పారు, రాకపోయినా నా పనులేవీ ఆగవు. తలంటు క్లాసు లేని ఆదివారానికి మార్చుకున్నాను. పోయిన నెల చిత్తూరు నుంచి వస్తుంటే బస్సు నిండిపోయింది. ఒక అమ్మాయి లేచి, "కూర్చోండి అవ్వా," అంది. "ఉండనీ తల్లీ, నువ్వు కూర్చో," అని కుడిచేత్తో పైన కమ్మీ పట్టుకున్నాను. తిరుపతి దాకా చెయ్యి మార్చలేదు. దిగేముందు, అలవాటు కొద్దీ, కొంగుతో ఆ కమ్మీ తుడిచాను.

కండక్టరు చూశాడు. "ఏమవ్వా, బస్సు తుడిసేకి వచ్చినావా?"

"నా వంతు అయింది నాయనా. ఇంక తరవాతోళ్లు పట్టుకుంటారు," అని దిగాను.

షుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నెలకొకసారి అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఒకేసారి పైకెత్తండి. ఒకటి రెండోదాని కన్నా కిందనే ఆగిపోతే, పై అరలోని డబ్బాలు కిందికి దించుకోవద్దు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.