బొట్టు పెట్టించుకున్న యాప్

ఆ రోజుల్లో నా వయసు యాభై ఎనిమిది. చదువు లెక్కన చూస్తే మాత్రం ఇంకా పలక పట్టని పిల్లనే. రైల్వే ఉద్యోగి భార్యగా రాయపూర్‌లో నలభై ఏళ్లు గడిపి, బజారులో బేరాలాడేంత హిందీ నేర్చాను గానీ, ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. (వేలిముద్ర మాత్రం దివ్యంగా వేసేదాన్ని.) అలాంటి నాకు గురువు మా కోడలు. ఆఫీసు ఉద్యోగం మానేసి, దేవేంద్ర నగర్‌లోని మా ఇంట్లోనే కూర్చుని, కాలి బొటనవేలికి పాప ఉయ్యాల తాడు కట్టుకుని, ఒంటిచేత్తో ఒక యాప్ తయారుచేసేది. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ అయిన ఇక్కడి మన పిల్లలకు అక్షరాలు నేర్పే యాప్ అది. దాన్ని దిద్ది చూసే మొదటి శిష్యురాలిని నేను. మధ్యాహ్నాలు ఉయ్యాల కిర్రుమంటుంటే, ఫోను అద్దం మీద ‘అ’ వెలిగేది, నా వేలు దాని వెంట నడిచేది. కళ్లు మూసుకుంటే అక్షరాలన్నీ పండరీ బజారులో బట్టల కొట్ల ముందు వేలాడే చీరల్లా గాలికి మెల్లగా ఊగేవి.

దసరాలోగా యాప్ బయటికి రాకపోతే మళ్లీ ఆఫీసుకి పోతానని కోడలు మా అబ్బాయికి మాటిచ్చింది. ఆమె వెళ్తే నా బడీ మూతే. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా అప్పుడే అక్షరాలు గెంతడం మొదలుపెట్టాయి.

“ఏటే ఇది? ‘ఆ’ మీద ఏలెడితే ‘ఈ’ కాడికి గెంతుతాది! నీ యాప్‌కి బుద్ధి నేదు.”

“ఏదీ, ఇటివ్వండి అత్తయ్యా.”

ఫోను చెంగుతో శుభ్రంగా తుడిచి ఇచ్చేదాన్ని. ఆమె చేతిలో అది బుద్ధిమంతురాలు.

“ఠీక్‌గానే ఉంది కదా అత్తయ్యా!”

“అయితే నాను అబద్దమాడతన్నానేటి?”

ఎనిమిది రోజులు పాపం ఆ పిల్ల రాసిందంతా విప్పి మళ్లీ కుట్టింది. చివరికి మా అబ్బాయి, “బస్, ఇక చాల్లే. రేపు పాత ఆఫీసుకి ఫోన్ చెయ్” అన్నాడు. కోడలి కాలి కింద ఉయ్యాల ఆగిపోయింది.

మర్నాడు పాప దుప్పటి కోసం వరండాలోకి వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను ఫోను అద్దం నాలుగు మూలలా తడి పసుపు రాసి, పైన కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుంటున్నాను. (చదువుకునే వస్తువుని బొట్టు పెట్టకుండా ముట్టుకుంటామా?)

“అత్తయ్యా... రోజూ ఇలాగేనా?”

“మరి? ఇదివరకు ఉత్త బొట్టే, నువ్వు దసరా గడువెట్టిన కాడ్నుంచి పసుపు కూడాను. సదువు కాదేటి?”

“అయ్యో! తడి పసుపుని కూడా అది వేలే అనుకుంటుంది అత్తయ్యా. నాలుగు మూలలా నాలుగు వేళ్లు, మధ్యలో మీది. ఎవరి మాట వింటుంది పాపం? నాకిచ్చేటప్పుడేమో మీరే తుడిచేస్తారు!”

ఆమె నేలమీద చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అబ్బాయి గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పేశాను: “తప్పు నీ పెళ్లానిది కాదురా, నాది. ఆ ఆఫీసుకి ఫోనేటీ సెయ్యొద్దు.”

దసరాకి రెండు రోజుల ముందే యాప్ బయటికొచ్చింది. తెరవగానే ఒక పలక కనిపిస్తుంది. నాలుగు మూలలా పొడి వేలు ఆనిస్తే పసుపు, కుంకుమ అద్దంలోనే పూస్తాయి. అప్పుడు గానీ ‘అ’ రాదు. అది కోడలు నాకోసం పెట్టిన ముచ్చట.

ఇప్పుడు ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను. అయినా కొత్త ఫోను రాగానే చెయ్యి కుంకుమ భరిణె మీదికే పోతుంది. తెలివి వచ్చింది కాబట్టి వెనకవైపు పెడతాను. పెట్టినప్పుడల్లా ఆ వరండాలోని పెద్దావిడ కనిపిస్తుంది: బుద్ధి లేదని తిడుతూనే, ఆ తిట్టిన దానికే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ.