సగం అచ్చు బెల్లం

రాజమండ్రిలో ఒక పెద్ద కచేరీని చీమల పాలు చేసిన ఘనత నాది. ఇన్నేళ్లూ గుట్టుగా దాచుకున్నాను. ఇవాళ చెప్పేస్తున్నాను కాబట్టి మీరు నవ్వుకోవచ్చు. మా మాస్టారి ప్రస్తావన వచ్చిన చోట మాత్రం కాస్త మర్యాదగా నవ్వండి.

తొంభైల నాటి సంగతి. ఇంటర్ చదువుతూ మృదంగం నేర్చుకునేదాన్ని. "ఆడపిల్లకి మృదంగం ఏంటండీ, చక్కగా వీణ నేర్పించక!" అని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ కాఫీ తాగి మరీ అనేవారు. శాస్త్రి మాస్టారు మాత్రం, "చేతులున్నాయిగా, చాలు," అని పాఠం మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన పెళ్లిళ్లకీ హరికథలకీ వాయిస్తున్నారు. పెద్ద విద్వాంసుల పక్కన కూర్చోమని ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు.

చివరికి ఆ పిలుపు వచ్చింది. మద్రాసు నుంచి వస్తున్న ఒక గొప్ప గాయకుడికి ఎప్పుడూ మృదంగం వాయించే ఆయన జ్వరంతో పడుకుంటే, సభవాళ్లు మాస్టారికి కబురుపెట్టారు. "అమ్మాయ్, యాభై ఎనిమిదో ఏట నాకు అరంగేట్రం," అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు గానీ, కళ్లజోడు తీసి కండువాతో రెండుసార్లు తుడుచుకున్నారు.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. మృదంగం ఎడమవైపు మూతకి తడి రవ్వముద్ద అంటిస్తారు. అది ఉంటేనే ఆ వైపు గంభీరంగా పలుకుతుంది. అంతకుముందు వారమే ఆత్రేయపురంలో ఒక పెళ్లిలో ఫ్యాను గాలికి ఆ ముద్ద ఎండిపోయి, సరిగ్గా మాస్టారి ఒళ్లోనే ఊడిపడింది. మృదంగం ఖాళీ నూనెడబ్బాలా మోగింది. ముందు వరసలో పెళ్లికొడుకు మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

రవ్వ కలిపే పని నాది. ఇంటర్లో నాది సైన్సు గ్రూపు. అంచేత ఆలోచించాను, అదే నేను చేసిన మొదటి తప్పు. నీళ్లతో కలిపితే ఎండిపోతోంది. మరి ఎండకుండా, పట్టుకుంటే వదలకుండా ఉండేది ఏమిటి? వంటింట్లో అమ్మ కొబ్బరి ఉండలకి పాకం పడుతోంది. గరిటె నుంచి పాకం సాగుతూ వేలాడుతోంది. అమ్మ అటు తిరగ్గానే సగం అచ్చు బెల్లం విరిచి, కరిగించి, రవ్వలో కలిపేశాను.

సాయంత్రం ఐదింటికి హాల్లో మాస్టారు ఎడమచేత్తో ఒక్క దెబ్బ వేసి చూసుకున్నారు. గోడలు పలికాయి.

"ఏంటమ్మా, ఇవాళ ఇంత బాగా పలుకుతోంది?"

"బాగా కలిపానండి," అన్నాను వినయంగా. ఆ వినయం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రైలు లేటైంది. గాయకుడు వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ మృదంగం వేదిక మీద గోడ వారగా పడుకుని ఉంది. రాజమండ్రి చీమలకి గంట చాలా ఎక్కువ టైము.

కచేరీ మొదలైంది. వెనక కూర్చుని తంబురా మీటుతున్నాను. మొదటి పాట సగంలో మాస్టారి ఎడమ భుజం ఉలిక్కిపడింది. తొంగిచూశాను. రవ్వముద్ద నిండా ఎర్రచీమలే! అక్కడినుంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా బారు కట్టి వెళుతున్నాయి. పాట పూర్తవగానే మాస్టారు నా వైపు వంగారు.

"అమ్మాయ్, రవ్వలో ఏం కలిపావు?"

"నీళ్లండి."

"ఇంకా?"

"బెల్లమండి."

"ఎంత?"

"ఎక్కువేం కాదండి. సగం అచ్చే."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. భక్తిలో మునిగిపోయారని ముందు వరసవాళ్లు అనుకున్నారు.

"తీసేద్దామాండీ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"తీసేస్తే ఆత్రేయపురమే. నువ్వు తంబురా ఆపకు."

రెండు గంటలు వాయించారు. పాట ఆపి, మృదంగాన్ని ఒంటరిగా వాయించుకోమని గాయకుడు వదిలిపెట్టినప్పుడు మాస్టారి ఎడమచెయ్యి ఏం చేసిందో నేను చెప్పలేను. గాల్లోకి లేచింది, విదిలించింది, మూత మీద రుద్దింది, ఎవరూ ఊహించని చోట దెబ్బ వేసింది. ఇంత జరిగినా తాళం వెంట్రుకవాసి తప్పలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తంబురా తీగలు కనిపించనంతగా కళ్లలో నీళ్లు నిండాయి. ఆ చెయ్యి ఎంత మండుతోందో ఆ హాల్లో తెలిసింది మా ఇద్దరికే.

తర్వాత వెనకగదిలో మాస్టారి చేతి మీద చెంబుతో నీళ్లు పోస్తున్నాను. చెయ్యి బూరెలా పొంగింది. ఇంతలో గాయకుడు గబగబా లోపలికి వచ్చారు.

"ఆ ఎడమచెయ్యి ఏంటండీ బాబూ! నా జన్మలో వినలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

మాస్టారు నన్ను చూపించారు. "ఇదిగోనండి, ఈ అమ్మాయే నేర్పింది."

పెద్దవాళ్ల వినయం ఇలాగే ఉంటుందనుకుని ఆయన మురిసిపోయారు. నా తలమీద చెయ్యి వేసి దీవించారు. "ఎల్లుండి కాకినాడలోనూ మీరే వాయించాలి," అని చెప్పి వెళ్లారు.

నేను మాస్టారి కాళ్ల మీద పడ్డాను. "తప్పయిపోయిందండి. ఇంక రావద్దంటే రానండి."

"రాకపోతే ఎలాగమ్మా? ఎల్లుండి కచేరీ ఉందిగా," అన్నారు, వాచిన వేళ్లని ఒక్కొక్కటీ మెల్లగా మడుస్తూ. "ఇంతకీ, ఆ మిగతా సగం అచ్చు ఉంచావా, తినేశావా?"

కాకినాడలో ఒట్టి నీళ్లతో కలిపిన రవ్వతోనే వాయించారు. ఎడమచెయ్యి అంతే గొప్పగా పలికింది. అది చీమల గొప్పతనం కాదని నాకు అప్పుడు తెలిసింది.

మిగతా సగం అచ్చూ తీసుకెళ్లి పుష్కరాల రేవులో కలిపేసి, దోసిట్లో నీళ్లు పట్టుకుని గోదావరి తల్లి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ కట్టె కాలేదాకా రవ్వలో నీళ్లు తప్ప మరేదీ కలపను. ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. కావాలంటే మా ఇంట్లో ఉప్మా తినేవాళ్లని అడగండి.