బావ ఏరుకున్న తెల్లరాయి

మొన్న జిద్దాలో, పాతబజారు బలద్ సందుల్లో నడుస్తుంటే, ఒక దుకాణం అద్దాల వెనక సానపట్టిన తెల్లరాళ్ళు కనిపించి కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తిరిగిరాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి పోయే ముందు ఏదైనా కొందామని వచ్చినవాణ్ణి. ఇవి మన ఎడారిలో దొరికేవే అన్నాడు దుకాణదారు, నాకు తెలియనట్టు.

పాత గల్ఫ్‌వాళ్ళకు ఆ రాళ్ళు గుర్తుండే ఉంటాయి. కువైట్ సరిహద్దు దగ్గరి ఖఫ్జీలో పనిచేసే రోజుల్లో, శుక్రవారం వస్తే మా గదివాళ్ళమంతా అక్క మొగుడు నడిపే పికప్పులో చీకటితోనే బయలుదేరి, రోడ్డు వదిలి, ఒంటె కూడా కనబడని గులకనేల మీదికి పోయేవాళ్ళం. పొద్దు కిందుగా ఉన్నప్పుడు ఎండకు ఎదురుగా నడిస్తే, అన్ని రాళ్ళలో ఎక్కడో ఒకటి మినుక్కుమనేది. పైకి ఉప్పుకల్లులా మసకగా ఉన్నా, నీళ్ళు పోస్తే లోపలంతా తేటగా కనిపించేది. ఎవరికి దొరికినా ఒకే తువ్వాలులో వేయాలి, ఖుబ్బూస్ రొట్టెలు తిన్నాక పెద్దవాడు మొదలుకొని తలా ఒకటి ఏరుకోవాలి. ఆ కట్టుబాటు పెట్టింది బావే, మాలో పెద్దవాడూ బావే.

అప్పట్లో మా ఇంటావిడ ముక్కుపుడక పొలంలో ఎక్కడో పడిపోయి, కుట్టు పూడిపోకుండా వేపపుల్ల పెట్టుకుని తిరిగేది. కొన్నది వద్దు, నీ చేత్తో ఏరిన రాయే పెట్టించి తెమ్మంది.

ఒక శుక్రవారం రేగుపండంత రాయి దొరికింది, మచ్చన్నది లేదు. సంతోషం పట్టలేక తాగే నీళ్ళు దాని మీద పోసి, ఇది మా ఇంటిదానికని అందరికీ చూపించాను. తువ్వాలు పరిచాక బావ చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది.

"బావా, అది నాది."

"తువ్వాలుల పడ్డంక నీదేంది, నాదేంది బామ్మర్దీ? ఉత్త రాయే గద, వచ్చే వారం ఇంకోటి ఏరుకో."

మిగతావాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మర్నాడు అది మేము ముదీర్ అని పిలిచే మేనేజరు బల్ల మీద ఉంది, ఆ వారమే బావకు సెలవు దొరికింది. హాజరు వేయడానికి పోయిన ప్రతి పొద్దునా, గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టిన నా రాయిని చూస్తూ నిలబడేవాణ్ణి. తర్వాత ఎన్ని శుక్రవారాలు తిరిగినా మసకరాళ్ళే. ఫోన్ చేసినప్పుడల్లా "దొరికిందా?" అనేది ఆమె, కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆమె జ్వరం ముదిరి కన్నుమూసిందని తెలిసి, ఎగ్జిట్ కాగితాల కోసం కాళ్ళావేళ్ళా పడి, చివరిచూపుకు చేరాను. ముక్కుకు వేపపుల్ల అట్లాగే ఉంది.

బావ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తీసేశాను.

"ఇంక ఆ రాయి మనసుల పెట్టుకున్నవారా?"

"పెట్టుకున్న బావా."

ఇప్పుడు గదుల్లో శుక్రవారం ఎవరి మంచం మీద వాళ్ళు ఫోన్ పట్టుకుని పడుకుంటారు. ఎండకు ఎదురు నడిచేవాళ్ళు లేరు, నీళ్ళు పోయకుండానే మెరిసే రాళ్ళు అద్దాల వెనక దొరుకుతున్నాయి. దుకాణదారు ఒకటి నా అరచేతిలో పెట్టి, ఎవరికి అని అడిగాడు. ఆనాడు అడగకుండానే అందరికీ చెప్పుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. రాయి తిరిగి ఇచ్చేసి, ఉట్టి చేతులతో సందులోకి దిగాను.